ఒక్క తూటాకే మనిషి పడిపోతాడా?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. వయసు 58. కురుపాం మార్కెట్‌లో తండ్రి నాటి బంగారం కొట్టు. రాత్రి తొమ్మిదింటికి షట్టర్ దించి, ఖరీదైన సరుకు కొంత స్కూటర్ డిక్కీలో పెట్టుకుని సీతమ్మధారలోని అపార్ట్‌మెంట్‌కి వెళ్లడం ఏళ్లనాటి అలవాటు. కొన్నేళ్ల కిందట లైసెన్స్ తీసుకుని, కాన్పూర్‌లో తయారైన పాయింట్ 32 రివాల్వర్ (ఆ అంకె తూటా సైజు) కొన్నారు. కొన్నాక కాల్చింది తక్కువ. ఈమధ్య ఒక రాత్రి గురుద్వారా జంక్షన్ దగ్గర్నుంచి బైక్ మీద ఇద్దరు వెంటపడ్డారు. ఈయన బండి ఆపి నడుం మీద చెయ్యి వేసేసరికి వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయారు. ఇంట్లో ఈ సంగతి చెప్పగానే బావమరిది, "బావా, నీ పాయింట్ 32 తగిలినా దోమ కుట్టినట్టే, మనిషి ఆగడు. నేను 9 ఎం.ఎం. పిస్టల్ తెప్పిస్తానుండు" అన్నాడట. తూటా మొన మీద బ్లేడుతో అడ్డంగా, నిలువుగా గాటు పెడితే ఒంట్లోకి వెళ్లాక విచ్చుకుంటుందని ఇంకెవరో చెప్పారట. భార్య మాత్రం ఆ వస్తువే ఇంట్లో వద్దంటున్నారు. వేసవి సెలవులకి కూతురు ఇద్దరు చిన్నపిల్లల్ని తీసుకుని వస్తోంది. "ఆ రాత్రి నేను కాల్చి ఉంటే వాడు పడేవాడా? పడకపోతే నా గతేమిటి? తుపాకీ మార్చాలా, తూటా మార్చాలా, మొత్తానికే వదిలెయ్యాలా?" అని అడుగుతున్నారు.

సమాధానం:

మీరు మొదట అడిగినదానికే ముందు జవాబు చెప్తాను. ఆ రాత్రి కాల్చి ఉంటే వాడు పడేవాడో లేదో ఎవరూ చెప్పలేరు. మీ చేతిలో 9 ఎం.ఎం. ఉన్నా ఇదే జవాబు చెప్పేవాణ్ని. ఈ మాట మీకు ధైర్యం ఇవ్వదని తెలుసు. అయినా ఇది తెలియకుండా నడుముకి రివాల్వర్ కట్టుకుని తిరగడం మీకు ప్రమాదం.

సినిమాల్లో తూటా తగిలిన మనిషి వెనక్కి ఎగిరిపడతాడు. నిజంగా అలా జరగదు. మీ రివాల్వర్‌లో వాడేది 1896లో అమెరికాలో మొదలైన తూటా. గుండు బరువు ఆరు గ్రాముల పైచిలుకు, గొట్టం దాటేటప్పుడు వేగం సెకనుకు 215 నుంచి 240 మీటర్ల మధ్య. లెక్క వేసి చూస్తే, 70 కిలోల మనిషిని అది తోసేది సెకనుకు రెండు సెంటీమీటర్ల వేగంతో. కాల్చినప్పుడు మీ చేతికి తగిలే తోపు ఎంతో, తూటా తగిలినవాడికి తగిలేదీ ఇంచుమించు అంతే. దానికి మీరు పడనప్పుడు వాడెందుకు పడతాడు?

మనిషి ఆగేది మూడు రకాలుగా. తూటా మెదడుకో, మెడ దగ్గరి వెన్నుపాముకో తగిలితే ఉన్నచోటే కూలిపోతాడు. కదులుతున్న మనిషి మీద, భయంలో, మసక వెలుతురులో అంత చిన్న చోట కొట్టడం ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లకే గగనం. రెండోది రక్తం పోవడం. దానికి సమయం పడుతుంది. గుండెకే తగిలినా, అప్పటికే మెదడులో ఉన్న ప్రాణవాయువుతో మనిషి పది, పదిహేను సెకన్లు తను అనుకున్న పని చెయ్యగలడు. ఇక మూడోది మనసు. తుపాకీ చూసో, చప్పుడు వినో, తగిలిందని తెలిసో "చచ్చాన్రా" అనుకుని ఆగిపోవడం, పారిపోవడం. ఆ రాత్రి బైక్ వాళ్ల విషయంలో జరిగింది ఈ మూడోదే, అదీ మీరు కాల్చకుండానే. మూడింట్లో ఎక్కువగా జరిగేదీ ఇదే కావచ్చు, అసలు నమ్ముకోకూడనిదీ ఇదే. ఎందుకంటే అది మీ చేతిలో లేదు, వాడి తలలో ఉంది. తాగి ఉన్నవాడు, తెగించినవాడు, తగిలిన సంగతి గమనించనివాడు మీద మీదకి వస్తూనే ఉంటాడు.

ఆ పది సెకన్లంటే ఎంతో ఒకసారి మీ ఇంట్లోనే కొలిచి చూడండి. మీ ఫ్లాట్ గ్రిల్ దగ్గర్నుంచి వంటగది గుమ్మం దాకా ఇరవై అడుగులుంటుందేమో. అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెనిస్ ట్యూలర్ 1980ల మొదట్లో కొలిచి చూపించాడు: కత్తి పట్టుకున్న మామూలు మనిషి 21 అడుగులు దాటడానికి పట్టేది ఒకటిన్నర సెకను. చొక్కా కింద నుంచి రివాల్వర్ తియ్యడానికి మీకు అంతకంటే ఎక్కువే పడుతుంది. అంటే మీరు కాల్చి, అది సరిగ్గా ఛాతీలో తగిలినా, వాడు మీ దగ్గరికి వచ్చి చెయ్యాల్సింది చేసేంత వ్యవధి ఉంటుంది.

మీ బావమరిది మాటలో నిజం లేకపోలేదు. పాయింట్ 32 చిన్న తూటాయే. దాని శక్తి 150 నుంచి 180 జౌళ్లు, 9 ఎం.ఎం.ది 450 నుంచి 500. కానీ పెద్ద తూటా అయితే మనిషి ఆగిపోతాడన్న నమ్మకం ఎక్కడ కుప్పకూలిందో ఆయనకి చెప్పండి. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఇద్దరు బ్యాంకు దొంగల్ని అడ్డగించారు. కాల్పులు మొదలైన కాసేపటికే మైకేల్ ప్లాట్ అనే దొంగకి ఒక తూటా కుడి చేతిలోంచి దూసుకుపోయి ఛాతీలో దిగింది. ఊపిరితిత్తి చితికింది. గుండెకి అంగుళం దూరంలో ఆగింది. అది 9 ఎం.ఎం. తూటాయే, అందులోనూ విచ్చుకునే రకం. ఆ దెబ్బతో వాడు బతికే అవకాశం దాదాపు లేదు. కానీ ఆ దెబ్బ తిన్నాకే వాడు ఇద్దరు ఏజెంట్లని చంపాడు, మరికొందరిని గాయపరిచాడు. చివరికి కూలేసరికి వాడి ఒంటి మీద డజను గాయాలున్నాయి.

దాని మీద ఎఫ్‌బీఐ 1989లో ఒక నివేదిక తయారు చేసింది. పిస్టల్ తూటాల విషయంలో శక్తి అంకెల్ని నమ్ముకోవద్దని, తూటా ముఖ్యమైన అవయవాల దాకా లోతుగా దిగాలని, కనీసం 12 అంగుళాలు వెళ్లాలని అందులో తేల్చారు. అంత జరిగాక కూడా మనిషిని తక్షణం ఆపే పిస్టల్ తూటా ఉందని మాత్రం వాళ్లు చెప్పలేదు. ఆ సంస్థ మధ్యలో ఇంకా పెద్ద తూటాలకి మారి, 2010ల నడుమ మళ్లీ 9 ఎం.ఎం.కే వచ్చింది. చేతిలో నిలబడేది, త్వరగా మళ్లీ గురిపెట్టగలిగేదే మేలని వాళ్లకి అనుభవంలో తేలింది.

తూటా మొన మీద గాటు పెట్టే సంగతికి ఇక్కడే జవాబుంది. విచ్చుకునే తూటా వెడల్పయ్యే కొద్దీ లోతు తగ్గుతుంది. మీ తూటాకి మొదటే లోతుకి వెళ్లే శక్తి అంతంత మాత్రం. ఆ తక్కువ వేగంలో గాటు పెట్టినంత మాత్రాన విచ్చుకుంటుందన్న భరోసా లేదు. విచ్చుకుంటే ఎముక దగ్గరో, మందపాటి చొక్కా, కండ దాటాకో ఆగిపోతుంది. గురి కూడా చెడుతుంది. రేపు కేసయితే, "మనిషి కచ్చితంగా చావాలని ముందే తూటా చెక్కి పెట్టుకున్నాడు" అని ప్రాసిక్యూటర్ నిలబడి అంటే మీ లాయర్ దగ్గర సమాధానం ఉండదు. ఆ పని చెయ్యకండి. ఇప్పటికే చేసి ఉంటే ఆ రౌండ్లు వాడకండి, ఆయుధాల డీలర్ దగ్గరికి తీసుకెళ్లి ఏం చెయ్యాలో అడగండి.

9 ఎం.ఎం. గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. మన దేశంలో 9 ఎం.ఎం., పాయింట్ 38 మామూలు పౌరులకి నిషిద్ధ బోర్లు, అంటే అనుమతి లేని సైజులు. పాయింట్ 32 లైసెన్స్ చూపించి వాటిని కొనలేరు. అలాంటి ఆయుధం దగ్గర దొరికితే 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్లకి తక్కువ కాకుండా 14 ఏళ్ల దాకా. లైసెన్స్ లేని నాటు తుపాకీకైనా రెండు నుంచి ఐదేళ్లు. బావమరిది అభిమానంతోనే అన్నాడని నాకు అర్థమవుతోంది. అయినా, "ఒరేయ్, ఆ మాట ఇంకోసారి ఫోన్‌లో కూడా అనకు" అని మీరే చెప్పాలి. దొంగల భయం పోవడానికి జైలు భయం తెచ్చుకోవడం ఏం తెలివి?

ఇప్పుడు మీ చేతి సంగతి. కుడి బొటనవేలికి వాతం ఉందని, రాత్రిపూట కళ్లద్దాలున్నా ఎదురు లైట్లకి కళ్లు చెదురుతున్నాయని మీరే రాశారు. తూటా సైజు కంటే నాకు ఈ రెండు వాక్యాలే ఎక్కువ ముఖ్యం. మీ రివాల్వర్‌లో సుత్తి (తూటా అడుగున కొట్టే మీట) వెనక్కి లాగకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కితే లాగుడు చాలా బరువుగా, పొడవుగా ఉంటుంది. అది నొక్కే క్రమంలో అలవాటు లేనివాడి గొట్టం కిందకో పక్కకో వాలుతుంది. బొటనవేలితో సుత్తి లాగి కాల్చుదామంటే ఆ వేలికే నొప్పి. దీనికి భయం తోడైతే చూపు ఒక్కచోటే బిగుసుకుపోతుంది, చుట్టుపక్కల ఎవరున్నారో కనబడదు, ఎన్నిసార్లు కాల్చారో గుర్తుండదు, తన తుపాకీ చప్పుడే సరిగ్గా వినపడలేదని చెప్పినవాళ్లున్నారు. న్యూయార్క్ పోలీసుల కాల్పుల మీద రాండ్ అనే పరిశోధన సంస్థ 2008లో ఇచ్చిన నివేదికలో, ఎదురుకాల్పులు జరిగిన సందర్భాల్లో వాళ్లు కాల్చినవాటిలో తగిలినవి 18 శాతం. ఎదుటివాడు తిరిగి కాల్చనప్పుడు కూడా 30 శాతమే. వాళ్లు శిక్షణ పొందిన ఉద్యోగులు. మీ ఆరు రౌండ్లలో ఎన్ని తగులుతాయో, మిగతావి వన్‌టౌన్ సందులో ఎవరి మెట్ల మీదకి వెళ్తాయో నిజాయితీగా ఊహించండి.

ఇంకొకటి మన ఊరికే ప్రత్యేకం. సముద్రపు గాలి. రివాల్వర్‌ని తోలు కవర్‌లో పెట్టి బీరువాలో ఉంచుతున్నానని రాశారు. తోలు తేమని పట్టి ఉంచుతుంది. ఇత్తడి తూటాల మీద పచ్చటి చిలుము పడుతుంది, గొట్టం లోపల తుప్పు మొదలవుతుంది. తుప్పు పడుతుందని తూటాల మీదే నూనె రాసేవాళ్లు కొందరున్నారు. ఆ నూనె అడుగున ఉన్న, మందు అంటించే క్యాప్‌లోకి దిగితే, అవసరమైనప్పుడు "టిక్" మని చప్పుడు తప్ప ఏమీ ఉండదు. రివాల్వర్‌ని తోలు లోంచి తీసి పొడిగా ఉంచండి, శుభ్రం చేసి పలచగా నూనె రాయండి. రౌండ్లని గట్టి మూత ఉన్న డబ్బాలో పొడిగా పెట్టండి. కొన్ననాటి నుంచి అవే తూటాలైతే లైసెన్స్ పరిమితిలో కొత్తవి కొని, పాతవి రేంజ్‌లో కాల్చెయ్యండి.

చట్టం వైపు నుంచి కూడా చూడాలి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది, ఆత్మరక్షణ హక్కు అందులో 34 నుంచి 44 సెక్షన్ల వరకు. ప్రాణానికో, తీవ్ర గాయానికో సహేతుకమైన భయం ఉంటే ఎదుటివాడి ప్రాణం పోయినా ఆ హక్కు మిమ్మల్ని కాపాడుతుంది. ఆస్తి విషయంలో దోపిడీకి, సూర్యాస్తమయం తర్వాత ఇంట్లోకి చొరబడటానికి కూడా అంతదాకా వెళ్తుంది. కానీ బైక్ మీద వచ్చి సంచి లాక్కుని పారిపోయేవాడి సంగతి వేరు. లాక్కోవడాన్ని కొత్త చట్టం 304వ సెక్షన్‌లో దొంగతనంలో ఒక రకంగానే చూసింది. ప్రాణభయం లేనప్పుడు పారిపోతున్న వీపు మీద కాల్చి చంపితే ఆ హక్కు మీకు అక్కరకు రాదు. మీ భయాల్లో ఎక్కువ భాగం ఇలాంటి సంఘటనల గురించే కదా.

ఒక తూటాకి ఆగకపోతే రెండోది, మూడోది కాల్చవచ్చా అని మీరు నేరుగా అడగలేదు గానీ, మీ ప్రశ్న అటే వెళ్తుంది. ఎన్ని కాల్చారన్నది నేరం కాదు. ప్రమాదం ఇంకా ఉందా లేదా అన్నదే చూస్తారు. దర్శన్ సింగ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు, దాడికి గురైనవాడు ఆ క్షణంలో త్రాసు పట్టుకుని తూచినట్టు స్పందించాలని ఆశించలేమంది. కానీ వాడు పడ్డాక, కత్తి వదిలేశాక, వెనక్కి తిరిగాక కాల్చే తూటాకి ఆ రక్షణ లేదు. ఆ తేడా సెకనులో సగం. వెంటనే 112కి, 108కి ఫోన్ చెయ్యడం, వాడికి కూడా వైద్యం అందేలా చూడడం, రివాల్వర్‌ని పక్కన పెట్టి పోలీసులు వచ్చేదాకా ఉండడం మీ బాధ్యత.

మరి ఏం చెయ్యాలి? ముందు మీకు తుపాకీతో సంబంధం లేని సంగతి చెప్తాను, ఎందుకంటే నా దృష్టిలో మీ ప్రమాదంలో పెద్ద వంతు అక్కడే ఉంది. రోజూ ఒకే వేళకి, ఒకే దారిలో, ఒకే డిక్కీలో బంగారం. కొట్టులో కుర్రాళ్లకి తెలుసు, పక్క కొట్లవాళ్లకి తెలుసు, టీ ఇచ్చేవాడికి తెలుసు. సరుకు ఇంటికి తేవడమే మానెయ్యండి. కొట్టులోనే మంచి సేఫ్ గోడకి, నేలకి బిగించి పెట్టించండి. నెమ్మదిగా కదిలే సరుకు బ్యాంక్ లాకర్‌లో ఉంచండి. నగల వ్యాపారులకి జువెలర్స్ బ్లాక్ పాలసీ అని ఒక బీమా ఉంది. కొట్టులో సరుకుకి, దారిలో తీసుకెళ్లే సరుకుకి అందులో వేర్వేరు షరతులుంటాయి. రాత్రి సేఫ్ బయట ఉన్నదానికి సాధారణంగా వర్తించదు. ఏజెంట్‌ని కూర్చోబెట్టుకుని ప్రతి షరతూ చదివించుకోండి. దీనికి డబ్బు ఖర్చవుతుంది, ప్రీమియం ఏటా కట్టాలి, పొద్దున్నే కొట్టు తెరిచేసరికి సరుకు సర్దుకునే శ్రమా ఉంటుంది. కానీ డిక్కీ ఖాళీ అయిన రోజు మీ వెంటపడ్డవాడికి మీరు చేయగలిగినంత హాని జరిగినట్టే: వాడికి దొరికేది ఏమీ లేదు. ఒకవేళ సంచి అడిగితే ఇచ్చెయ్యగలరు. ఊరెళ్లేటప్పుడు తాళం వేసిన ఇళ్ల మీద పోలీసులు పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ నిఘాలో ఇల్లు పెట్టించుకోవచ్చు.

రివాల్వర్ ఉంచుకోవాలనుకుంటే, ఉంచుకోండి. అయితే అప్పుడు అది వారం వారం చేసే పని అవుతుంది. రైఫిల్ క్లబ్‌లో చేరి శిక్షకుడి ముందు కాల్చాలి. ఇంట్లో ఖాళీ రివాల్వర్‌తో, రౌండ్లు వేరే గదిలో పెట్టి, ట్రిగ్గర్ సాఫీగా లాగడం అలవాటు చెయ్యాలి. వేలి నొప్పికి డాక్టర్‌ని, రాత్రి చూపుకి కంటి డాక్టర్‌ని కలవాలి. ఆర్నెల్లు అలా చేశాక కూడా ఆరడుగుల దూరంలో కాగితం మీద తూటాలు చెల్లాచెదురుగా పడుతుంటే, ఆ రివాల్వర్ మీకు ఇచ్చే ధైర్యం అబద్ధపు ధైర్యం.

12 బోర్ గన్ (గుళ్లు చిమ్మే పొడుగు తుపాకీ) సంగతి కూడా అడిగారు. శక్తిలో అది మీ రివాల్వర్‌కి పది రెట్ల పైమాటే. ఇంట్లో, రెండు చేతులతో, దగ్గర దూరంలో దానికి సాటి లేదు. లైసెన్స్ మీద రెండు ఆయుధాల దాకా ఉంచుకునే వీలుంది, పోలీస్ కమిషనరేట్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ స్కూటర్ మీద అది పనికిరాదు. ఇరుకు కారిడార్‌లో పొడుగు గొట్టాన్ని ఎదుటివాడు పట్టుకోగలడు. ఫ్లాట్‌లో తప్పిన గుళ్లు చెక్క తలుపు దాటి పక్కింటివాళ్ల హాల్లోకి వెళ్తాయి. మీ భయం దారిలో ఉంది, ఈ ఆయుధం ఇంట్లో పనికొచ్చేది. అందుకే దీనికి నేను మొగ్గు చూపడం లేదు.

లైసెన్స్ వదిలేసుకోవడం ఓటమి కాదు. తుపాకీని డీలర్ ద్వారా చట్టప్రకారం అమ్మెయ్యవచ్చు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యడం, రెన్యువల్‌కి తిరగడం తప్పుతాయి. అయితే ఒకటి: అమ్మేశాక రేపు మళ్లీ కావాలంటే మొదటి నుంచి అడగాలి, ఇస్తారన్న హామీ లేదు. అందుకని తొందరపడి ఈ నెలలోనే తేల్చుకోవద్దంటాను.

మీ ఇంటావిడ మాటని మాత్రం పిరికితనం కింద తీసెయ్యకండి. పిల్లలు వస్తున్న ఇంట్లో తోలు కవర్‌లో, తాళం లేని బీరువాలో, నిండు రివాల్వర్! ఆవిడ భయం మీ భయం కంటే దగ్గర్లో ఉన్నదాని గురించి. పిల్లలకి "ముట్టుకోకూడదు" అని చెప్పడం సరిపోదు. మీరు దాచిన చోటు మీరనుకున్నదానికంటే ముందే కనిపెడతారు. స్టీల్ పెట్టె గోడకి బిగించి, తాళం మీ దగ్గరే ఉంచుకుని, రౌండ్లు ఇంకో పెట్టెలో పెట్టడం ఒక దారి. దీనితో అర్ధరాత్రి అవసరానికి అందదన్నది నిజమే. ఇంకో దారి, కూతురు వచ్చే ముందే రివాల్వర్‌ని లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో, స్టేషన్‌లోనో భద్రపరచమని ఇచ్చి రసీదు తీసుకోవడం. రూల్స్ అందుకు అనుమతిస్తాయి. సరుకు కొట్టులోనే ఉండే ఏర్పాటు అయితే ఆ రెండు నెలలు మీకు అది అవసరమూ రాదు. నేనైతే రెండోది చేస్తాను. సెలవులయ్యాక, పిల్లలు వెళ్లాక, క్లబ్‌లో కాల్చిన కాగితాలు ముందు పెట్టుకుని, మీ ఇంటావిడని పక్కన కూర్చోబెట్టుకుని, తిరిగి తెచ్చుకోవాలో అమ్మెయ్యాలో అప్పుడు మాట్లాడుకోండి.